బొమ్మ కింద మూడు పేర్లు

పోయిన వేసవిలో చెల్లెలి దగ్గరికి వెళ్ళినప్పుడు, ముసురు పట్టిన ఒక రోజు ముగ్గురం కలిసి అక్కడి మ్యూజియంకి వెళ్ళాం. ఏ మ్యూజియమో చెప్పను. కాసేపట్లో దాన్ని తిట్టబోతున్నాను, అందుకని.

పెద్ద పెద్ద రంగుల బొమ్మల హాళ్ళు అయ్యేసరికే మా మరిది కాళ్ళు లాగేస్తున్నాయన్నాడు. చివర్లో ఒక మసక గది. కాగితం వెలుతురికి పాడవుతుంది కాబట్టి ప్రింట్లు పెట్టే గదుల్లో లైట్లు ఎప్పుడూ తక్కువే. గోడకి వరసగా చిన్న చిన్న ముఖచిత్రాలు, అన్నీ నలుపూ తెలుపూ. ఒక్కోటి మన నోటు పుస్తకమంత ఉంటుందేమో. మీసం, కోసుగా దువ్విన గడ్డం ఉన్న ఒకాయన బొమ్మ దగ్గర నేను ఆగిపోయాను. ఐదు నిమిషాలైనా కదలకపోయేసరికి మా మరిది వచ్చి, పక్కనున్న చీటీ చదివి అడిగాడు:

"వదినా, ఇది ప్రింటే కదా. మరి అసలుది ఎక్కడుంది?"

నేను వెంటనే జవాబు చెప్పలేదు. చీటీ మీద ఉన్నది ఇంతే: వాన్ డైక్, జాక్ కాలో చిత్రం, ఎన్‌గ్రేవింగ్. అంటే రాగి రేకు మీద చెక్కి అచ్చువేసిన బొమ్మ. అది చదివినవాడికి వచ్చే సహజమైన ప్రశ్న అదే మరి. వాన్ డైక్ పదిహేడో శతాబ్దపు గొప్ప చిత్రకారుడు, ఆయన గీసినది ఎక్కడో ఉండి ఉంటుంది, ఇది దానికి జిరాక్స్ లాంటిది. కానీ అద్దానికి ముక్కు ఆనించినంత దగ్గరగా వెళ్ళి ఆ బొమ్మ అడుగున చూస్తే, చీమ తలకాయలంత అక్షరాల్లో ఇంకో పేరు ఉంది. లూకాస్ వోర్‌స్టర్‌మన్. చీటీ రాసినవాళ్ళకి ఆ పేరు కనపడలేదని అనుకోను. అక్కర్లేదనుకున్నారు.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఇలాంటి బొమ్మ పక్కన మొదటి పేరు చెక్కినవాడిది ఉండాలి. వాన్ డైక్ పేరు రెండోది.

ఈ మాట అన్నంత తేలిక కాదని రాయడం మొదలుపెట్టాక తెలిసింది.

రాగి మీద చేయి

ఈ బొమ్మ వాన్ డైక్ 1630ల్లో తలపెట్టిన ఒక పెద్ద పనిలోది. తన కాలపు ప్రముఖుల ముఖాలన్నీ ఒక వరసగా అచ్చువేయించాలని ఆయన ఆలోచన. తరవాత్తరవాత దానికి ఐకనోగ్రఫీ అన్న పేరు స్థిరపడింది. ఇప్పటి బెల్జియంలోని ఆంట్‌వెర్ప్‌లో మార్టిన్ వాన్ డెన్ ఎండెన్ అనే ప్రచురణకర్త 80 బొమ్మలు తెచ్చాడు. రాజులూ సేనాధిపతులూ 16, రాజకీయులూ పండితులూ 12, మిగతా 52 చిత్రకారులూ కళాఖండాలు సేకరించేవాళ్ళూ. ఆ లెక్క ఒకసారి మళ్ళీ చూడండి. చిత్రకారుణ్ణి ఇంకా చేతిపనివాళ్ళ లెక్కలోనే చూసే రోజుల్లో, రాజుల కంటే మూడింతల మందిని వాళ్ళలోంచి తీసుకున్నాడు. అందులో చెక్కేవాళ్ళు కూడా ఉన్నారు. నేను ఆగిన బొమ్మలోని కాలో కూడా నాన్సీ పట్టణానికి చెందిన ఎచింగ్ కళాకారుడే. అంటే రాగి మీద పనిచేసే ఒకడి ముఖాన్ని రాగి మీద పనిచేసే ఇంకొకడు చెక్కాడు.

వాన్ డైక్ చేసినదేమిటంటే, కొందరిని నల్ల సుద్దతో గీశాడు, కొందరికి చిన్న చెక్కపలకల మీద గోధుమ రంగు ఛాయల్లో నూనెబొమ్మ వేశాడు. అక్కడినుంచి పని చెక్కేవాడిది. రాగి రేకుని మెత్తటి తోలు దిండు మీద పెట్టి, బ్యూరిన్ అనే సన్నటి ఉలిని అరచేత్తో ముందుకి తోస్తాడు. వంపు కావాలంటే ఉలిని తిప్పడు, రేకుని తిప్పుతాడు. గీత అంచున లేచిన రాగిని గీరేస్తాడు. గీతలోకి సిరా ఎక్కించి, పైపైన ఉన్నది తుడిచేసి, తడిపిన కాగితం వేసి రోలరు కిందనుంచి లాగితే బొమ్మ వస్తుంది, అదీ కుడిఎడమలు తారుమారై. కాబట్టి చెక్కేటప్పుడే అద్దంలో చూసినట్టు చెక్కాలి. కంసాలి పనిలోంచి పుట్టిన విద్య ఇది. మా అమ్మమ్మ ఇత్తడి బిందె మీద చుక్కలు చుక్కలుగా ఆవిడ పేరు కొట్టి ఉండేది. ఆ అక్షరాల్లో వేలు పెట్టి తడుముతూ చదవడం నేర్చుకున్నాను నేను. లోహం మీద గీత ఎంత మొండిదో ఆ వేలికి తెలుసు. ఒకసారి పడిందంటే తుడిచేయడానికి ఉండదు.

ఇందులో బూడిద రంగు అనేది లేదు. సిరా నలుపు, కాగితం తెలుపు, అంతే. సుద్దతో గీసేవాడు వేలితో రుద్దితే బుగ్గ మీద నీడ వస్తుంది. రాగి మీద ఆ నీడ రావాలంటే ఎన్ని గీతలు, ఎంత దూరంలో, ఎంత లోతులో అని చెక్కేవాడు నిర్ణయించుకోవాలి. ఆ రోజు ఫోను కెమెరాలో పెద్దది చేసి చూశాను. పైబట్ట మీద గీతలు ఒకదాన్నొకటి అడ్డంగా కోసుకుంటూ వలలా ఉన్నాయి. మెడ దగ్గరికొచ్చేసరికి ఆ వల విడిపోయింది. బుగ్గ మీద ఒక్క వరస గీతలే, అవీ చివర్లకి సన్నబడి, తెగి, చుక్కలై, చుక్కలు కూడా అయిపోయి ఉత్త కాగితం. ఆ ఉత్త కాగితమే మనకి వెలుతురు పడిన చెంపలా కనపడుతుంది. ఈ గీతల్లో ఒక్కటి కూడా వాన్ డైక్ చేతిలోంచి వచ్చింది కాదు.

మా మరిది ప్రశ్నకి జవాబు అక్కడే ఉందనుకుంటాను. ఆ సుద్ద బొమ్మ అసలుదీ కాదు, ఇది నకలూ కాదు. అది ఈ పని కోసమే వేసిన చిత్తుప్రతి. పారిస్‌లోనో లండన్‌లోనో డబ్బు పెట్టి కొనుక్కున్నవాడి చేతికి వచ్చింది ఈ కాగితమే. వాన్ డైక్ కూడా చేరాలనుకున్నది దీని ద్వారానే.

నా కోపం ఎక్కడిది

ఇక్కడ నా సంగతి ఒకటి ఒప్పుకోవాలి. లేకపోతే ఈ వ్యాసం నిజాయితీగా ఉండదు.

కొన్నేళ్ళ కిందట ఒక నవల తెలుగులోకి అనువాదం చేశాను. ఏడాదిన్నర పట్టింది. పుస్తకం పార్సిల్ వచ్చిన రోజు కత్తెర కోసం వెతికే ఓపిక కూడా లేక పళ్ళతో టేపు కొరికాను. అట్ట మీద మూల రచయిత పేరు, పెద్దక్షరాల్లో. వెనక అట్ట మీద రచయిత ఫొటో. నా పేరు లోపల, ధర రాసే పేజీలో, టైపు చేసినవాళ్ళ పేరు కింద ఉంది. ఫోను చేస్తే ప్రచురణకర్త చాలా మర్యాదగా, "అమ్మా, జనం రచయిత పేరు చూసి కొంటారు కానీ..." అని అక్కడే ఆపేశారు. వాక్యం పూర్తి చేయకపోవడమే ఆయన మర్యాద.

కాబట్టి ఆ మసక గదిలో నేను వోర్‌స్టర్‌మన్‌ని చూశానా, నన్ను నేను చూసుకున్నానా అనే అనుమానం నాకూ ఉంది. మా చెల్లెలు ఆ రాత్రి అన్నంలో పెరుగు కలుపుకుంటూ సరిగ్గా ఇదే అంది. "అక్కా, నీకు ఎక్కడ చూసినా ఆ పుస్తకమే." పైగా ఇంకో మాట: "వోర్‌స్టర్‌మన్ అని పెద్దగా రాస్తే ఎవరాగుతారు? వాన్ డైక్ అని ఉంటేనే కదా జనం ఆగి చూసేది." ప్రచురణకర్త వదిలేసిన వాక్యాన్ని మా చెల్లెలు పూర్తి చేసింది.

రూబెన్స్ ఉత్తరాలు

తమాషా ఏమిటంటే, ఈ తగువు నాలుగు వందల ఏళ్ళ కిందటే సాక్షాత్తు వోర్‌స్టర్‌మన్‌తోనే జరిగింది. వాన్ డైక్‌తో కాదు, ఆయనకంటే ముందు, ఆంట్‌వెర్ప్‌లోనే ఉన్న ఇంకో పెద్ద చిత్రకారుడు రూబెన్స్‌తో.

వోర్‌స్టర్‌మన్ మొదట్లో రూబెన్స్ దగ్గర పనిచేసేవాడు. 1619లో రూబెన్స్ ఒక మిత్రుడికి రాసిన ఉత్తరంలో, పేరున్నవాళ్ళు తమ ఇష్టం వచ్చినట్టు చెక్కడం కంటే, మనసు పెట్టి చేసే ఒక కుర్రవాడు తన కళ్ళముందు చెక్కితేనే మేలు అన్న అర్థం వచ్చే మాట ఉంది. మూడేళ్ళు తిరిగేసరికి కథ మారింది. 1622లో అదే మిత్రుడికి రాస్తూ, ఆ కుర్రవాడికి గర్వం తలకెక్కిందనీ, దానివల్ల పనే ఆగిపోయిందనీ, ఆ ప్రింట్లకి విలువ వచ్చిందంటే అది తన చెక్కడం వల్లా తన పేరు వల్లా మాత్రమే అంటున్నాడనీ వాపోయాడు. తన మూల చిత్రాలు ఆ ప్రింట్ల కంటే ఎంతో శ్రద్ధగా వేసినవని కూడా రాశాడు. గొడవ ఎంత ముదిరిందంటే, ఆ ఏడాదే వోర్‌స్టర్‌మన్ నుంచి రూబెన్స్‌కి ప్రాణభయం ఉందంటూ మిత్రులు పాలకుల దగ్గర రక్షణ కోరారు. వోర్‌స్టర్‌మన్ 1624లో ఇంగ్లండు వెళ్ళిపోయాడు. 1630 ప్రాంతంలో ఆంట్‌వెర్ప్ తిరిగొచ్చాకే వాన్ డైక్ బొమ్మలు చెక్కాడు.

ఈ కథ చదివి నేను చెక్కేవాడి పక్షమే పూర్తిగా తీసుకోవాలి కదా. తీసుకోలేకపోయాను. విలువంతా నా వల్లే అన్న మాట అబద్ధం. ఆ రూపం, ఆ కూర్పు, వెలుతురు ఎటునుంచి పడాలన్నది రూబెన్స్ బుర్రలోంచి వచ్చాయి. వోర్‌స్టర్‌మన్ మాట నేను అనువదించిన నవల కథ కూడా నాదే అన్నట్టుంది. అయితే రూబెన్స్ వైపు కూడా ఒక మెలిక ఉంది. మూలమే అంత గొప్పదైతే, చెక్కేవాడు అలిగి కూర్చుంటే పని ఎందుకు ఆగిపోవాలి? ఇంకో కుర్రవాణ్ణి పెట్టుకోవచ్చుగా? పెట్టుకున్నాడు కూడా, కాలక్రమంలో. వోర్‌స్టర్‌మన్ దగ్గరే పని నేర్చిన పాలస్ పాంటియస్ ఆయనకి చాలా చెక్కాడు. కానీ 1622 ఉత్తరంలోని ఆ చిరాకు చూస్తే, చేయి మారితే బొమ్మ మారుతుందని ఆయనకి బాగా తెలుసుననిపిస్తుంది.

ఇంకా బలమైన ఎదురువాదం మన దగ్గరే ఉంది. సినిమా పాట విన్నప్పుడు మనం "ఘంటసాల పాట" అంటాం. రాసినవాడెవరో, బాణీ కట్టినవాడెవరో చాలామందికి అక్కర్లేదు. అక్కడ ఇంకొకరి పదాల్ని తన గొంతుతో పలికినవాడికే పేరంతా పోయింది. నా లెక్క ప్రకారం అది న్యాయం కావాలి. కానీ పాట రాసినవాళ్ళ పేరు ఎగిరిపోయినప్పుడు కూడా నాకు ఇంతే ఒళ్ళు మండుతుంది. అంటే నా బాధ చెక్కేవాడి గురించో అనువాదకుడి గురించో మాత్రమే కాదేమో. ఇద్దరు ముగ్గురు కలిసి చేసిన పనిని ఒక్క పేరుకి కట్టిపడేసే మన బద్ధకం గురించి.

ఆ రాగి రేకు మనలా బద్ధకించలేదు. ఈ వరస బొమ్మల అడుగున మామూలుగా మూడు పేర్లు, మూడు లాటిన్ క్రియలు కనపడతాయి. పింక్సిట్, అంటే చిత్రించాడు. స్కుల్ప్‌సిట్, చెక్కాడు. ఎక్స్‌కుడిట్, అచ్చువేసి వెలువరించాడు. ఎవరు ఏ పని చేశారో ఒక్క మాటలో. వాన్ డైక్ 1641లో పోయాక రేకుల్ని గిలిస్ హెండ్రిక్స్ కొని, 1645లో నూరు బొమ్మలతో మళ్ళీ వేశాడు. అప్పుడు పాత ప్రచురణకర్త పేరు చెరిపించి, పొడి అక్షరాలతో తన పేరు వేయించుకున్నాడు. రేకులు చేతులు మారినప్పుడు మూడో పేరు మారింది, కానీ మొదటి రెండు అలాగే ఉన్నాయి. అదేమీ ఔదార్యం కాకపోవచ్చు, సగం వ్యాపారం, సగం దొంగ ముద్రణల భయం. ఏదైతేనేం, 17వ శతాబ్దపు ఆంట్‌వెర్ప్ బజారులో సరుకు మీద ఉన్న సమాచారం 21వ శతాబ్దపు గోడ మీది చీటీలో లేదు.

అన్ని చోట్లా ఇలాగే ఉందని కాదు. ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్‌మ్యూజియం ఆన్‌లైన్ జాబితాలో ఇలాంటి ప్రింట్లకి ముందు చెక్కినవాడి పేరే ఉంటుంది, తరవాత ఫలానావారి చిత్రాన్ని అనుసరించి అని. జాబితాలు రాసేవాళ్ళకి సంగతి తెలుసు. గోడ దగ్గరికీ పోస్టరు దగ్గరికీ వచ్చేసరికే పేరు జారిపోతుంది.

గండాచార్యుడు

రాగి రేకు అనగానే నాకు ఇంకో రేకు గుర్తొచ్చింది. రాజరాజనరేంద్రుడు 1053లో ఇచ్చిన నందంపూడి శాసనం. దాని చివర కర్త నన్నియభట్టు అనీ, లేఖకుడు గండాచార్యుడనీ ఉంటుంది. పింక్సిట్, స్కుల్ప్‌సిట్! అదే రాజు ఇచ్చిన కోరుమెల్లి శాసనంలో కర్త చేతనభట్టు. లేఖకుడు మాత్రం మళ్ళీ గండాచార్యుడే. కవులు మారినా మారని చేయి. నన్నయ మనకి ఆదికవి. గండాచార్యుడి పేరు ఎమ్మే తెలుగు చదివిన నా స్నేహితురాళ్ళు ముగ్గురిని అడిగితే ఒక్కరూ విన్నామనలేదు. అడిగిన నేను మాత్రం ఎప్పుడు విన్నాను? ఆ మ్యూజియం నుంచి వచ్చాక, రాగి మీద చెక్కినవాళ్ళ పేర్ల కోసం వెతుకుతుంటే తగిలాడు.

నాకు ఇబ్బంది కలిగించే బొమ్మ

నా వాదనకి అడ్డం పడే బొమ్మ కూడా ఆ గదిలోనే ఉంది.

వాన్ డైక్ కొన్ని ముఖాల్ని తానే రాగి మీద గీశాడు. ఉలితో కాదు, ఎచింగ్. రేకు మీద మైనం లాంటి పూత పూసి, సూదితో గీసి, యాసిడ్‌లో వేస్తే పూత పోయిన చోట రాగి తింటుంది. సూది కలంలాగా తిరుగుతుంది కాబట్టి బొమ్మలు వేసేవాడికి ఇది తేలిక. ఆయన ఇలా గీసిన తన సొంత ముఖం ఒకటి ఉంది. పెద్ద కాగితంలో పైభాగాన ఒక్క తల. భుజం మీదుగా వెనక్కి తిరిగి, ఎవరో పిలిస్తే చూసినట్టు మనవైపు చూస్తుంటాడు. మెడ కింద రెండు మూడు గీతలు, ఆ తర్వాత ఏమీ లేదు. అరచేయి పట్టేంత ఖాళీ. పూర్తికాని బొమ్మ. దానిముందు మిగతావన్నీ ఇస్త్రీ బట్టల్లా ఉంటాయి, నా వోర్‌స్టర్‌మన్ చెక్కిన కాలోతో సహా. అయిష్టంగానే ఒప్పుకుంటున్నాను.

1645 ముద్రణకి ముఖపత్రం కావలసి, ఆ రేకుని జేకబ్ నేఫ్స్ అనే చెక్కేవాడి చేతిలో పెట్టారు. ఆయన ఆ తల కింద బట్ట చుట్టి, దాన్ని అర్ధశిల్పంలా మార్చి, కింద పీఠం కట్టి, పీఠం మీద పుస్తకం పేరు చెక్కాడు. ఇప్పుడే తల తిప్పిన మనిషి కాస్తా రాతి విగ్రహం అయిపోయాడు. రెండు దశల ప్రింట్లూ మ్యూజియంలలో దొరుకుతాయి. పక్కపక్కన పెట్టుకుని చూస్తే నాకు కడుపు మండుతుంది. చెక్కేవాడి చేయి పడి బొమ్మ చచ్చిపోయిందని ఎవరైనా అంటే నా దగ్గర జవాబు లేదు.

కాసేపు లేదనే అనుకున్నాను. తర్వాత నా అనువాదమే గుర్తొచ్చింది. అందులో ఏడో అధ్యాయం బాగా రాలేదు. మూలంలో ఉన్న ఒక ముసలమ్మ వెటకారాన్ని నేను చంపేశాను. ఆ సంగతి ఒక్క పాఠకుడు పట్టుకున్నాడు. పట్టుకుని, మూల రచయితకి హాస్యం రాదని రాశాడు! నా పేరు అట్ట మీద ఉండి ఉంటే ఆ తిట్టు రావలసినచోటికి వచ్చేది. నేఫ్స్ పేరు ఉండాలనడానికి కూడా కారణం అదే. ఆ పీఠం వాన్ డైక్ కట్టింది కాదని తెలియాలి కదా. నచ్చినప్పుడే కాదు, తిట్టుకునేటప్పుడు కూడా ఎవరిని తిట్టుకోవాలో తెలియాలి.

సరే, మరి సిరా తుడిచినవాడి పేరో? గీతలో ఎంత సిరా మిగలాలో తేల్చింది అతని చేయే, దాన్ని బట్టి ముఖం ముదురుగానో తేలిగ్గానో వస్తుంది. రోలరు తిప్పినవాడు? రేకులు చేతులు మారుతూ 18వ శతాబ్దం దాకా అచ్చు పడుతూనే ఉన్నాయి. గీతలు అరిగి, ముఖాలు పాలిపోయాయి. ఇప్పుడు చాలా రేకులు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం వారి భాండారంలో ఉన్నాయి. అన్నేళ్ళు వాటిని తుడిచిన చేతుల్లో ఒక్కటీ రేకుకెక్కలేదు. వాళ్ళ దగ్గర నా వాదన ఆగిపోతోంది. ఎక్కడ గీత గీయాలో తెలియకపోయినా, వోర్‌స్టర్‌మన్ ఆ గీతకి ఇవతలే ఉంటాడన్నది మాత్రం నాకు ఖాయం.

ఆయన చివరి రోజులు బాగా గడవలేదు. చూపు మందగించింది. చెక్కేవాడికి చూపు పోతే ఇంకేముంది? పేదరికంలోనే 1675లో పోయాడు.

ఆ రోజు బయటికి వస్తూ మ్యూజియం దుకాణంలో ఒక పోస్ట్‌కార్డు కొన్నాను. పైబట్ట చుట్టుకుని, దాన్ని చేత్తో పట్టుకుని, తల పక్కకి తిప్పిన ఒక మీసాలాయన. వెనక ఒక్కటే పేరు, వాన్ డైక్. ఈసారి మాత్రం చీటీ తప్పు కాదు. ఇది వాన్ డైక్ స్వయంగా సూది పట్టి గీసిన ఎచింగుల్లో ఒకటి.

కారులో మా మరిది దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఈయనేనా వదినా వాన్ డైక్?" అన్నాడు.

"కాదు. వోర్‌స్టర్‌మన్."

"ఎవరు, ఆ చెక్కినాయనా?" అని కార్డు మళ్ళీ ముందుకి తిప్పాడు. సిగ్నల్ పడింది. వెనకనుంచి ఎవరో హారన్ కొట్టేదాకా దాన్నే చూస్తున్నాడు.